గని బిళ్ళకు నేను రాసిన కాగితం

మీ ఇంట్లో అటక మీద పాత ఇత్తడి బిళ్ళ ఒకటి దొరికి, దాని మీద ఎవరిదో పేరు కొట్టి ఉంటే, దయచేసి దాన్ని చింతపండుతో తోమకండి. ఎంతకు పోతుందని నన్ను అడగకండి. కర్నూలు పాతబస్తీలో ఇరవై ఆరేళ్ళు నడిపిన నాణేల అంగడిని మూసేసి రెండేళ్ళవుతోంది. అయినా వారానికి ఇద్దరు ముగ్గురు ఫోన్‌లో ఏదో వీడియో చూసి, "అన్నా, ఇది లక్షలు పలుకుతాదంట గదా" అంటూ వస్తూనే ఉన్నారు. వాళ్ళకు టీ తాగించి పంపేస్తున్నాను. ఎందుకు పంపేస్తున్నానో ఒకసారి రాసి పెడితే టీ ఖర్చయినా తగ్గుతుందని ఇది మొదలుపెట్టాను.

నన్నెరిగినవాళ్ళు దీన్ని నమ్మరు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఏదో నూలు మిల్లు కాంటీన్‌లో టీకి ఇచ్చే టోకెన్‌ను, నవాబుగారి ఏనుగు మెడలో వేలాడిన బిళ్ళ అని అమ్మినవాణ్ణి నేను. కొన్నాయన ఏనుగు పేరేమిటని అడిగితే అదీ చెప్పాను. మరుసటి నెల ఆయన బావమరిది వచ్చి, ఆ ఏనుగుదే ఇంకో బిళ్ళ కావాలన్నాడు. ఏనుగుకు కమ్మలు కూడా ఉండేవని చెప్పి రెండు ఇచ్చాను.

ఈ విద్య నాకు ఉస్తాద్ నేర్పింది కాదు. ఉస్తాద్ అంటే నాకు పని నేర్పిన ముసలాయన. ముందు ఆ అంగడి ఆయనదే. చూపు మందగించాక నాకు అప్పగించి, రోజూ పొద్దున్నే వచ్చి గడప పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. జేబురుమాలులో చుట్టిన భూతద్దం ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేది. బిళ్ళ ఏదైనా చేతికి రాగానే ముందు అంచు చూడమనేవాడు, తర్వాత చిల్లు, అన్నిటికన్నా చివర పేరు. "పేరు చూస్తివంటే నీకు నోరు లేస్తాది రా. ముందు కండ్లకు పని చెప్పు" అనేవాడు. నేను ఎవరికైనా బేరం చెబుతుంటే మధ్యలో దూరి, "ఏమప్పా, ఈ పొద్దు ఎన్ని ఏనుగులమ్మినావు?" అని పరువు తీసేవాడు.

పేర్ల బిళ్ళ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. మిల్లులోనో గనిలోనో పనికి పోయేవాడికి యజమాని ఇచ్చే గుర్తు అది. గుండ్రటి ఇత్తడి రేకు, పైన ఒక చిల్లు. ఒకవైపు నంబరు, రెండోవైపు మనిషి పేరు. ఒక్కో అక్షరానికి ఒక్కో ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొడతారు. అందుకే అక్షరాలు వరసలో నిలబడవు. ఒకటి ఎక్కుతుంది, ఒకటి దిగుతుంది. గనిలో అయితే ఈ బిళ్ళలన్నీ గని నోటి దగ్గర చెక్కపలక మీద మేకులకు వేలాడుతుంటాయి. లోపలికి దిగేవాడు తన బిళ్ళ తీసి మొలతాడుకు కట్టుకుంటాడు. పైకి వచ్చాక మళ్ళీ మేకుకు తగిలిస్తాడు. సాయంత్రం ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం.

నాణెం మీద రాజు పేరుంటుంది కాబట్టి కొంటారు. బిళ్ళ మీద కూలివాడి పేరుంటుంది. దాన్ని ఎవరు కొంటారు? ఇత్తడి తూకానికి పోవాల్సిందే. అందుకని ప్రతి బిళ్ళకూ నేనొక కథ అల్లి, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి. జనం బిళ్ళను కొనేవారు కాదు, నా కాగితాన్ని కొనేవారు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. కడప జిల్లా వేంపల్లె నుంచి పాత ఇనుము కొనే ఆయనొకడు గోతంలో నలభై ఒక్క బిళ్ళలు తెచ్చాడు. ఆ వైపు ఎప్పుడో మూతపడిన రాతినార గని ఉంది. దాని ఆఫీసు కూలిపోతే ఇనుము, ఇత్తడి ఏరుకొచ్చాడు. రాతినార అంటే సిమెంటు రేకుల్లో కలిపేది. చూడ్డానికి రాయే, గిల్లితే దూదిలా చీలుతుంది. అంతకుమించి దాని గురించి నాకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

బిళ్ళల మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. అన్నిటిలోనూ ఆర్ అక్షరానికి కుడికాలు లేదు. అచ్చు విరిగిందన్నమాట. నాలుగు బిళ్ళల్లో ఇంకో వింత ఉంది. పేరు కింద మరో పేరు నీడలాగా కనిపిస్తోంది. రెండుసార్లు కొట్టారనుకున్నాను. అలాంటివాటికి ధర రెట్టింపు.

ఉస్తాద్ ఒక బిళ్ళను అద్దం కింద పెట్టి అంచు చుట్టూ తిప్పాడు. "మిషన్‌లో కోసిన రేకు. ఇవి నీకన్నా చిన్నవి రా" అన్నాడు.

"ఇంగ్లీషు అక్షరాలుండాయి గదా ఉస్తాద్, దొరల కాలం అంటే ఎవరు కాదంటారు?"

"నేనంటా."

"నిన్నెవరు అడుగుతారు?"

ఉస్తాద్ నవ్వలేదు. నేను అప్పటికే కాగితం తీశాను. హైదరాబాదులో ఒక పెద్దమనిషి దొరల కాలపు వస్తువులేవైనా సరే గోడకు బిగించుకుంటాడు. ఆయన కోసం రాశాను: ఇవి నూట ఇరవై ఏళ్ళ పైబడిన బిళ్ళలు. అచ్చులు కొట్టించిన దొరకు యుద్ధంలో కుడికాలు పోయింది. తనకు లేని కాలు అక్షరానికెందుకని ఆర్ కాలు అరగదీయించాడు. రాసి, చదివి, నాకే ముచ్చటేసింది.

"నోటితో చెప్పినది గాలికి పోతాది" అన్నాడు ఉస్తాద్. "దీని కింద సంతకం ఎందుకు పెడతాండావు?"

పెట్టాను. బిళ్ళలు హైదరాబాదు పోయాయి.

ఐదేళ్ళు గడిచాయి. ఉస్తాద్ పోయాడు. భూతద్దం నాకిచ్చి పోయాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అరవై దాటిన ఒకామె అంగడి ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. వేంపల్లె అవతల పల్లె. బస్సులు మారి వచ్చిందట. నీళ్ళిస్తే గ్లాసు మొత్తం ఎత్తిపెట్టి తాగి, కొంగు ముడి విప్పింది.

"బిళ్ళల సంగతి నీకు బాగా తెలుసంట గదప్పా. పాత ఇనుమాయన చెప్పినాడు."

"అమ్మేకా అక్కా?"

"అమ్మేకి కాదు. ఇది ఆ గనిదే అని ఒక కాయితం కావల్ల."

బిళ్ళను అరచేతిలోకి తీసుకున్నాను. పేరులో రెండు ఆర్‌లు. రెండింటికీ కుడికాలు లేదు. పేరు కింద ఇంకో పేరు నీడ.

ఆమె చెప్పింది ఇది. ఆమె భర్త ఆ గనిలో పదహారేళ్ళు పనిచేశాడు. గని మూసి ఇరవై ఏళ్ళు దాటింది. దుమ్ము అప్పుడు పీల్చింది, దగ్గు ఇప్పుడు వచ్చింది. పాత గని కార్మికులను గుర్తించడానికి కడపలో విచారణ పెట్టారు. జాబితాలో పేరెక్కితే డాక్టర్ల బోర్డు పరీక్షిస్తుంది, పెద్దాసుపత్రిలో వైద్యం, ఇంటికి ఊపిరి మిషను, నెలనెలా పింఛను. పేరెక్కాలంటే గనిలో పనిచేసినట్టు రుజువుండాలి. రిజిస్టర్లు చెదలు తిన్నాయని గని యాజమాన్యం చెప్పేసింది. తోటి కూలీలు చెబితే, వాళ్ళకూ జాబితాలో పేరు కావాలి కాబట్టి చెల్లదన్నారు. ఆఖరి రోజు మేకుకు తగిలించడం మరిచి, మొలతాడుకే ఉండిపోయిన ఈ బిళ్ళ ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడు ఎట్లుండాడక్కా?"

"కూచునుంటాడు. పండుకోలేడప్పా. పండుకుంటే ఊపిరాడదు. గోడకానుకొని అట్లనే నిద్దరపోతాడు."

కాగితం రాశాను. ఈసారి కంటికి కనిపించిందే రాశాను. మిషన్‌లో కోసిన రేకు, ముప్పై నలభై ఏళ్ళ నాటిది, ఆ గని గుర్తు, మొలతాడు రాపిడికి అరిగిన చిల్లు. విచారణకు నేనే వచ్చి చెబుతానన్నాను కూడా. పాత కాగితం సంగతి మాత్రం ఆమెతో అనలేదు. హైదరాబాదులో ఎవరి గోడకో వేలాడుతున్నది కడపదాకా ఎలా వస్తుందిలే అనుకున్నాను.

వచ్చింది. ఆ పెద్దమనిషి తన సేకరణంతా రంగుల పుస్తకంగా వేయించుకున్నాడు. నలభై ఒక్క బిళ్ళల ఫోటో, పక్క పేజీలో నా కాగితం, కింద నా సంతకం. విచారణలో యాజమాన్యం తరఫు వకీలు ఆ పుస్తకాన్ని అధికారి ముందు తెరిచి పెట్టాడు. అధికారి ఒక నడివయసు ఆమె, మాట తక్కువ మనిషి. వకీలు నా కాగితాన్ని గొంతు సవరించుకుని మరీ చదివాడు. దొర కాలు దగ్గరకు వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. బంట్రోతు కూడా నవ్వాడు. నా కథకు అంత మంచి చదువరి మళ్ళీ దొరకలేదు.

"ఈ సంతకం మీదేనా?" అన్నాడు వకీలు.

"నాదే."

"ఆ బిళ్ళలూ ఈ బిళ్ళా ఒకే అచ్చులతో కొట్టినవేనా?"

"ఒకే అచ్చులు."

"అప్పుడు నూట ఇరవై ఏళ్ళు. ఇప్పుడు ముప్పై నలభై. ఈ రెండింటిలో అబద్ధం ఏది?"

బిళ్ళ తెచ్చిన ఆమె బెంచీ మీద కూర్చుని నా మొహమే చూస్తోంది. "మొదటిది" అన్నాను.

"అంటే అమ్ముకోవడానికి అబద్ధం రాస్తారు."

"రాశాను."

"రెండోది ఎందుకు రాశారో మేమెట్లా తెలుసుకోవాలి?"

ఏదడిగినా కథ చెప్పగల నోరు ఆ రోజు తెరుచుకోలేదు. అధికారి కాసేపు బిళ్ళను తిప్పి చూసింది. "బిళ్ళ నిజమైందే కావచ్చు. కానీ దాన్ని నిజమని చెప్పేది మీరొక్కరే. మీ మాట నేను తీసుకోలేను" అంది. వేరే రుజువేదైనా ఉంటే రెండు నెలల తర్వాత జరిగే విచారణకు తెమ్మంది.

బస్టాండుకు పోయి ఆమెను వేంపల్లె బస్సెక్కించాను. బస్సు కదలబోతుండగా కిటికీలోంచి, "ఒంటికాలి దొరంట!" అంది. "నా మొగునికి రెండు కాళ్ళూ ఉండాయప్పా. ఊపిరే లేదు."

పదిరోజులకు ధైర్యం తెచ్చుకుని వాళ్ళ పల్లెకు వెళ్ళాను. క్షమించమని అడగడానికి. రాళ్ళ గోడల ఇల్లు, పైన సిమెంటు రేకులు. ఆయన గోడకు ఆనుకుని, రెండు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"దొర కత... నీదేనా?"

"నాదే అన్నా."

నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా ఆమె వీపు నిమిరింది. అప్పుడు అన్నాడు: "ఆ దొరను... నేనేప్పా."

నాకు అర్థం కాలేదు. ఆయన భార్యకు చెయ్యి ఊపి అటక చూపించాడు. ఆమె తుప్పు పట్టిన రేకు డబ్బీ ఒకటి దించి నా ముందు పెట్టింది. మూత తీశాను. చిటికెన వేలంత ఉక్కు కడ్డీలు, కొసన తిరగేసి చెక్కిన అక్షరాలు. ఒకటొకటే తీసి చూశాను. ఆర్ దొరికింది. కుడికాలు విరిగి ఉంది.

గనిలో దిగిన పదహారేళ్ళలో, పని లేని ఆదివారాలు ఆయన కమ్మరి కొట్టంలో పేర్లు కొట్టేవాడు. ఒకసారి కొత్తవాళ్ళు చాలామంది వస్తే ఫోర్‌మన్ తొందరపెట్టాడు. సుత్తి దెబ్బ పక్కకు పోయి అచ్చు విరిగింది. అంతే. దానికి యుద్ధం లేదు, దొరా లేడు. గని మూసిన రోజు డబ్బీని ఎవరూ అడగలేదు కాబట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

"పేరు కింద ఇంకో పేరుండాదే, అదేంది?" అని అడిగాను.

"మనిషి పోతే... బిళ్ళ ఎందుకు దండగ అని. సుత్తితో అణిచేది. దాని మీదనే... కొత్తోని పేరు."

"మరి నీ బిళ్ళ కింద?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చెప్పింది. "వాళ్ళన్న. ఆయప్పా ఇట్ల దగ్గి దగ్గి పోయినోడే. వాళ్ళన్న పేరు అణిచి ఈయప్ప పేరు కొట్టుకోమనిరి. కొట్టుకున్నాడు."

ఆ నాలుగు బిళ్ళలను నేను రెట్టింపు ధరకు అమ్మాను. ఆ సంగతి వాళ్ళిద్దరికీ అక్కడే చెప్పాను. ఇంకేం దాచినా కుదరదనిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంత రుజువు ఇంట్లో పెట్టుకొని ఎందుకు చెప్పలేదన్నా?"

"ఎవరడిగిరి?"

నిజమే. విచారణలో బిళ్ళ గురించి అడిగారు, కాగితం గురించి అడిగారు, నా గురించి అడిగారు. నేనైతే ఇరవై ఏళ్ళకు పైగా అద్దం పెట్టి పేర్లు చదివాను. వాటిని కొట్టిన మనిషి ఉంటాడని, బతికి ఉంటే బస్సెక్కి పోయి పలకరించవచ్చని నా బుర్రకు తట్టలేదు.

హైదరాబాదు వెళ్ళి పెద్దమనిషి ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్లలో అతిశయోక్తి మాత్రం లేదు. చివరకు బిళ్ళలన్నీ గోడ మీంచి విప్పి ఇచ్చాడు. వాటిని పల్లెకు తెచ్చాను. పేర్లు కొట్టినాయన ఒక్కో బిళ్ళను బొటనవేలితో తడిమి, ఇది ఏ ఊరి మనిషిదో, ఎవరి ఇంటి పక్కవాడో చెప్పేవాడు. రోజుకు నాలుగైదు కన్నా చెప్పలేకపోయేవాడు. నేను రాసుకునేవాణ్ణి. నీడలుగా ఉన్న పేర్లు కూడా ఆయనకు గుర్తున్నాయి. అద్దంతో నాకు కనిపించనివి ఆయన వేలికి తెలిసేవి.

ఆ జాబితా పట్టుకుని ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. ఇరవై తొమ్మిది ఇళ్ళలో పేరు చెప్పగానే గోడ మీది ఫోటో చూపించారు. ముగ్గురి జాడ తెలియలేదు. తొమ్మిదిమంది బతికి ఉన్నారు. ఒకాయన మంచం మీంచి లేవకుండానే బిళ్ళను అందుకుని, "ఇది నాది రా" అని పిడికిలి బిగించాడు. విచారణకు కావాలని ఎంత చెప్పినా వదల్లేదు. చివరకు ఆయన కొడుకు వేళ్ళు ఒక్కొక్కటే విప్పి ఇచ్చాడు.

రెండో విచారణ ఇంకా పదకొండు రోజులుందనగా వేంపల్లె నుంచి ఫోన్ వచ్చింది. పేర్లు కొట్టినాయన పోయాడు. గోడకు ఆనుకునే పోయాడట. నిద్రపోతున్నాడని ఆమె చాలాసేపు లేపలేదట.

విచారణకు ఆమె వస్తుందనుకోలేదు. డబ్బీ చంకలో పెట్టుకుని నాకన్నా ముందే వచ్చి బెంచీ మీద కూర్చుంది. అధికారి ఒక ఫిట్టర్‌ను పిలిపించింది. కొత్త ఇత్తడి రేకు మీద ఆ ఆర్ అచ్చును కొట్టించింది. ఉస్తాద్ భూతద్దం నా చేతిలోంచి తీసుకుని, కొత్త ఆర్‌నూ పాత బిళ్ళల మీది ఆర్‌లనూ పక్కపక్కన పెట్టి తానే చూసింది. విరిగిన చోట ఒకటే నొక్కు, ఒకటే గీత. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అది నాకు మేలే చేసింది. వకీలు పుస్తకం తెరవలేదు.

తొమ్మిది పేర్లు జాబితాకెక్కాయి.

తర్వాత అధికారి పదో కాగితం తీసింది. కళ్ళజోడు సవరించుకుని నిబంధన రెండుసార్లు చదువుకుంది. "అమ్మా, బోర్డు పరీక్షకు పోగలిగేవాళ్ళ పేర్లే ఎక్కించాలని ఉంది. ఆయనకిక పరీక్ష జరగదు కదా" అంది.

నా దొర కథ లేకుంటే మొదటి విచారణలోనే ఆ పేరు ఎక్కి ఉండేది. ఎక్కి ఉంటే పరీక్ష జరిగేది, ఊపిరి మిషను ఇంటికి వచ్చేది. ఆ రెండు నెలలూ నేను తిన్నవి. దీన్ని ఇంకోలా చెప్పే నేర్పు నాకుంది గాని, చెప్పను.

ఆమె ఏడవలేదు. "సరే మేడం. ఈ డబ్బీ ఈడనే పెట్టుకుంటారా?" అంది.

"సాక్ష్యం కదమ్మా. ఇక్కడే ఉండాలి."

"అట్లయితే దాని మీద ఏమన్నా రాయల్ల. ఉత్త ఇనుమనుకొని పారేస్తారు." నా వైపు తిరిగింది. "రాయప్పా. నువ్వు రాస్తావు గదా."

అధికారి తెల్లకాగితం, జిగురుసీసా ఇచ్చింది. నేను కూర్చుని మూడు వరుసలు రాశాను. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించమంది. "గని కార్మికుల పేర్లకు ప్రాణం పోసిన మహాశిల్పి..." అని మొదలుపెట్టాను.

"ఎవరది?"

"మీ ఆయనే అక్కా."

"ఆయప్ప శిల్పి కాదు. ప్రాణాలేం పోయలేదు. తీసెయ్."

కొట్టేశాను. ఏమి రాయమంటావని అడిగాను. ఆమె డబ్బీ మూత మీద చెయ్యి పెట్టింది.

"గనిలో పేర్లు కొట్టినాడు. పోయినోళ్ళ పేర్లు అణిచినాడు. వాళ్ళన్న పేరు కూడా. అది రాయి. చాలు."

ఆమె చెప్పినట్టే వేరే కాగితం మీద రాశాను. కింద ఆయన పేరు రాశాను. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, రాయొచ్చా అని ఆమెను అడగలేదు గనుక. మొత్తం మళ్ళీ చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని తలూపింది.

"ఇప్పుడు అంటించు" అంది.